మా ఇంట్లో గ్యాస్ వాసన తెలియదు

సీఎస్ఈ వాళ్లందరికీ ఈ బాధ తెలుసు. ఇంటికి పోతే ఫ్యాన్ తిరగకపోయినా, రిమోట్ పనిచేయకపోయినా మననే పిలుస్తారు. "ఇంజినీరింగే కదా చదువుతున్నవ్" అంటారు. దసరా సెలవులకి పోచంపల్లి పోతే నా వంతుకి గ్యాస్ స్టవ్ వచ్చింది. "గిన్నెల అడుగులన్నీ నల్లగైతున్నయ్ రా, సిలిండర్ కూడ జల్ది అయిపోతుంది, జర పొయ్యి సూడు" అన్నది అమ్మ. చూస్తే మంట నీలంగా లేదు. పసుపుపచ్చగా ఊగుతోంది.

ఆ వారంలో నేను నేర్చుకున్నది, చెడగొట్టింది, చివరికి దొరకబట్టింది రాస్తున్నా. హాస్టల్లో మనకి స్టవ్ లేదు కానీ అందరి ఇళ్లల్లో ఉంటుంది కదా.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తా. నాబ్ తిప్పితే గ్యాస్ ఒక చిన్న ఇత్తడి జెట్ నుంచి వేగంగా బయటికొస్తుంది. ఆ వేగానికి పక్కనున్న సందులోంచి గాలి కూడా లోపలికి లాక్కుపోతుంది. రెండూ గొట్టంలో కలిసి బర్నర్ చిల్లుల దగ్గర మండుతాయి. గాలి సరిపోతే మంట నీలం. తక్కువైతే గ్యాస్ సగమే కాలి మసి అవుతుంది. వేడికి మెరిసే ఆ మసి కణాలదే పసుపు రంగు, గిన్నెకి అంటుకునేదీ అదే. సగం కాలిన దాంట్లో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపు కిటికీ మూసిన చోట అది ప్రాణం తీస్తుంది. (బాత్రూమ్ లోపలే గ్యాస్ గీజర్ ఉన్న రూముల్లో అద్దెకుంటున్న ఫ్రెండ్స్, ఈ లైన్ మీకే. అది బయట బిగించాల్సిన వస్తువు.)

మామూలుగా అయితే పొంగిన పాలు, నూనె జిడ్డు, ఒక్కోసారి సాలెపురుగు గూడు ఆ దారికి అడ్డం పడతాయి. మా ఇంట్లో ఇంకొకటి కూడా ఉంది. ముందు గదిలో మగ్గం, పక్కనే నూలు చుట్టే రాట్నం. గాలిలో ఎప్పుడూ దూది నూగు ఎగురుతూనే ఉంటుంది. గాలితో పాటు ఆ నూగుని కూడా మా స్టవ్ పీల్చుకుంటోంది. గొట్టంలో బ్రష్ పెట్టి లాగితే చిన్న వత్తి అంత దూది వచ్చింది. నాయినమ్మ దాన్ని చూసి "దీపం పెట్టుకోవచ్చు" అన్నది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఉత్సాహం ఎక్కువై జెట్‌లో కూడా సూది పెట్టి తిప్పాను. ఇదే నేను చేసిన తప్పు. ఇత్తడి మెత్తటి లోహం. జెట్ చిల్లు లెక్క ప్రకారం వేసింది. అది కొంచెం పెద్దదైనా గ్యాస్ ఎక్కువ, గాలి తక్కువ. శుభ్రం చేశాక మంట ముందుకన్నా పసుపు అయింది! బర్నర్ చిల్లుల్లో సూది పెట్టొచ్చు, జెట్ జోలికి మాత్రం పోవద్దు. మూసుకుపోయిందనిపిస్తే మెకానిక్‌తో కొత్తది వేయించుకోవడమే.

మిగతా క్లీనింగ్‌కి పెద్ద విద్య అక్కర్లేదు. ముందు రెగ్యులేటర్ ఆఫ్ చేసి, పైపులో మిగిలిన గ్యాస్ కాలిపోయి మంట దానంతటదే ఆరిపోయేదాకా ఉంచాలి. తర్వాత నాబ్ కట్టేసి, స్టవ్ పూర్తిగా చల్లారాక బర్నర్లు తీయాలి. వేడి నీళ్లలో గిన్నెల సబ్బు వేసి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. ఇత్తడివైతే చింతపండు ఉండనే ఉంది. ఎండలో బాగా ఆరబెట్టాకే మళ్లీ పెట్టాలి, తడి ఉంటే మంట సరిగా రాదు. నాబ్ బిగుసుకుపోతే నూనె పోయకండి. లోపల గ్యాస్‌ని ఆపే వాల్వ్ ఉంటుంది, అది మెకానిక్ పని.

మా మెకానిక్ వచ్చి కొత్త జెట్ వేశాడు. నా సూదిని చూసి ఏమీ అనలేదు, అది ఇంకా అవమానం. పోతూ పోతూ అడిగాడు: "సబ్బు పెట్టి చూసిన్రా?"

చూడలేదు. గిన్నెలో సబ్బు నీళ్లు నురగ చేసి, గ్యాస్ ఆన్ చేసి, నాబ్‌లు కట్టేసి ఉంచి, బట్టతో రెగ్యులేటర్ చుట్టూ పూశాను. ఏం లేదు. సిలిండర్ వైపు పైపు చివర పూశాను, ఏం లేదు. స్టవ్ వైపు చివర పూస్తే ఒక బుడగ లేచింది. పగిలింది. ఇంకోటి లేచింది. స్టవ్ వేడికి అక్కడ పైపు ఎండి వెంట్రుకంత పగులు పడింది.

ఎన్ని రోజుల నుంచి లీక్ అవుతుందో ఎవరికీ తెలియదు. ఒక్కరికీ వాసన రాలేదు. ఎందుకు?

వంటగ్యాస్‌కి నిజానికి వాసన ఉండదు. లీక్ తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే సల్ఫర్ పదార్థాన్ని చాలా కొద్దిగా కలుపుతారు. అంటే మన ముక్కే అలారం. కానీ మా పెరట్లో వారానికి రెండు మూడు రోజులు నాన్న చిటికి కట్టిన నూలుకి రంగులద్దుతాడు. ఆ రంగు నీళ్లలో కాస్టిక్, హైడ్రోస్ వేస్తారు. హైడ్రోస్ కూడా సల్ఫర్ చుట్టమే, వంటింటి దాకా ఘాటుగా కొడుతుంది. పుట్టినప్పటి నుంచి ఆ వాసనలో ఉన్నవాళ్లం, ముక్కులు దానికి అలవాటు పడ్డాయి. కొంచెం సల్ఫర్ వాసన వస్తే మా ఇంట్లో ఎవరైనా అనుకునేది ఒకటే, నాన్న పని మొదలుపెట్టిండని.

నాకు ఇంకో విషయం గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. మా వంటింటి కిటికీ నా ఛాతీ ఎత్తులో ఉంది, కింద చేరిన గ్యాస్‌కి దాంతో పెద్ద లాభం లేదు. ముందు గది మగ్గానిది కాబట్టి నాయినమ్మ చాప వేసుకునేది వంటింట్లోనే, సిలిండర్‌కి నాలుగడుగుల దూరంలో. తెల్లవారుజామున చాయ్ కోసం పొయ్యి ముట్టించేది కూడా ఆమెనే.

అదే రోజు పైపు మార్చాం. లోపల ఉక్కు తీగ అల్లిక ఉండే నారింజ రంగు సురక్ష పైపు తీసుకోండి, ఐఎస్ఐ మార్కు, తేదీ దాని మీదే ఉంటాయి. అయిదేళ్లకి మార్చేయాలి. మా పాతదాని మీద తేదీ ఎప్పుడో చెరిగిపోయింది. సిలిండర్ రింగు కింద పట్టీల మీద కూడా ఒక అక్షరం, సంవత్సరం ఉంటాయి. బి-27 అంటే 2027 ఏప్రిల్ నుంచి జూన్ లోపు మళ్లీ టెస్ట్ చేయాలని. ఏ, బీ, సీ, డీ అంటే మూడేసి నెలలు. గడువు దాటింది ఇస్తే తీసుకోకండి.

ఒకవేళ వాసన వస్తే స్విచ్ ముట్టుకోవద్దు. వేయడమే కాదు, ఆర్పడం కూడా వద్దు, రెండింటికీ నిప్పురవ్వ పుడుతుంది. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, అందరినీ బయటికి తీసుకెళ్లి, అక్కడి నుంచి 1906కి ఫోన్ చేయండి. అగ్గిపుల్లతో లీక్ వెతికేవాళ్లు ఇంకా ఉన్నారట, వాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఇప్పుడు అమ్మ ప్రతి ఆదివారం సబ్బు నీళ్లు పూసి నాకు ఫోన్ చేస్తుంది. "బుడగల్లేవు" అని చెప్పాకే తిన్నవా అని అడుగుతుంది. నాయినమ్మని మాత్రం ఇంకా అక్కడి నుంచి కదిలించలేకపోయాం. మగ్గం పక్కన పడుకుంటే కాళ్లు చాపుకోరాదట. గ్యాస్ లీక్ డిటెక్టర్ ఒకటి ఆర్డర్ పెట్టాను. గోడకి పైన కాదు, నేలకి జానెడు ఎత్తులో బిగించాలి. దీపావళికి పోయినప్పుడు ఆ పని నాదే.