మీకు తెలుసా? అలల హోరులో పీత సవ్వడి!

బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక తీరంలో, బొరియలోంచి ఇసుక తోడే పీత గరగరను చిన్న రికార్డర్‌తో పట్టాలంటే గెయిన్ (రికార్డింగ్ స్థాయి) పెంచడం కాదు, మైకును దగ్గరికి జరపాలి.

• మైకు 40 సెంటీమీటర్ల నుంచి 20కి జరిగితే పీత సవ్వడి దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అలల హోరు, రికార్డర్ సొంత ‘సుయ్’ మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. గెయిన్ పెంచితే హోరు కూడా వెంటే పెరుగుతుంది.

• రికార్డింగ్‌లో దబదబలాడే గాలి రొద బయటి నుంచి వచ్చింది కాదు. మైకును తాకిన గాలి సుడి తిరగడంతో అక్కడే పుడుతుంది. బొచ్చు తొడుగు ఆ సుడులను మైకుకు ఎడంగా ఆపుతుంది.

• చేత్తో పట్టుకుంటే వేలు కదిలినా రికార్డవుతుంది. బొరియ పక్కన చిన్న స్టాండుపై పెట్టి, మీరు వెనక్కి వచ్చేయండి. అలికిడి లేకుంటేనే పీత బయటికొస్తుంది.

• అట్లాంటిక్ తీరంలోని ఒక రకం ఇసుక పీత, కడుపులోని పళ్లు నూరి శత్రువును బెదిరిస్తుందని 2019లో శాస్త్రవేత్తలు వెల్లడించారు!