మౌస్ క్లిక్కుకు 256 బైట్లు, అక్షరానికి సున్నా: ఈమాక్స్ ఎందుకు ఆగి ఆగి నడుస్తుంది?

జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలంలో, షుగర్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు ముత్యంపేట. చేత్తో రాస్తే ఆ పేరు నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం అది 9 యూనికోడ్ సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 చొప్పున 27 బైట్లు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద 9 మీటలు. ఈమాక్స్ ఎడిటర్‌లో ఈ పేరు కొడుతుంటే ఒక్కోసారి మధ్యలో తెర బిగుసుకుపోతుంది, కళ్ళు మూసి తెరిచేలోపు మళ్లీ కదులుతుంది. కంప్యూటర్ పాతబడిందనో, తెలుగు బరువనో అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం గార్బేజ్ కలెక్షన్, అంటే వాడి వదిలేసిన మెమరీని తిరిగి పోగు చేసుకోవడం. ఆ పని ఎప్పుడు, ఎంతసేపు జరుగుతుందో లెక్క వేసి చూడొచ్చు.

రిచర్డ్ స్టాల్‌మన్ 1984లో మొదలుపెట్టిన గ్నూ ఈమాక్స్‌లో అడుగున సీ భాషలో రాసిన ఇంజన్ ఉంటుంది. పైనున్నదంతా దాదాపుగా లిస్ప్ భాషే. వాడి పారేసిన మెమరీని యంత్రమే వెతికి పట్టుకునే పద్ధతిని లిస్ప్ సృష్టికర్త జాన్ మెకార్తీ 1960 నాటి వ్యాసంలోనే వివరించారు. అప్పటి ఐబీఎం యంత్రం మీద ఆ పనికి కొన్ని సెకన్లు పట్టేది. ఈమాక్స్‌ది నేటికీ ఆ వంశమే: ముందు పనికొచ్చే వస్తువులన్నిటికీ గుర్తు పెట్టడం, తర్వాత గుర్తు లేనివాటిని ఊడ్చేయడం. ఈ రెండూ అయ్యేదాకా మిగతా పనంతా ఆగిపోతుంది.

64 బిట్ల యంత్రంలో కొలతలు ఇలా ఉంటాయి. రెండు విలువల జంట, లిస్ప్ మాటలో కాన్స్, 16 బైట్లు. పదాన్ని దాచే స్ట్రింగ్‌కు తల ఒక్కటే 32. జీసీ-కాన్స్-థ్రెషోల్డ్ అనే పరిమితి మామూలుగా 8,00,000 బైట్లు. అంటే 50,000 కాన్స్‌లు పుట్టేసరికి ఊడ్పుకు వేళవుతుంది. లిస్ప్ ప్రోగ్రాముకు 50,000 ఒక లెక్కే కాదు. పెద్ద ఫైలుకు రంగులు వేయడం, పదాలను పూరించడం లాంటి పనుల్లో ఇట్టే అయిపోతాయి.

పరిమితిని వంద రెట్లు పెంచుకోండని సలహా ఇచ్చేవారు చాలామంది. వాళ్లు పక్కనే ఉన్న రెండో అంకెను చూడరు. జీసీ-కాన్స్-పర్సెంటేజ్ విలువ 0.1. బతికున్న వస్తువుల మెమరీలో పదో వంతు 8 లక్షల బైట్లు దాటితే ఆ పదో వంతే పరిమితి అవుతుంది. మీ ఈమాక్స్ 10 కోట్ల బైట్లు పట్టుకుని ఉంటే పరిమితి ఇప్పటికే కోటి బైట్లు. పరిమితి పెంచితే ఊడ్పుల సంఖ్య తగ్గుతుందే తప్ప ఒక్కో ఊడ్పుకు పట్టే సమయం తగ్గదు. గుర్తు పెట్టే పని బతికున్నవాటిని బట్టి ఉంటుంది, చచ్చినవాటిని బట్టి కాదు. ఊడ్చే పనైతే మెమరీ మొత్తం మీద సాగాలి కాబట్టి, చెత్త పేరుకున్నకొద్దీ కాస్త పెరుగుతుంది కూడా. అందుకే ఆ సలహా నాకు నచ్చదు.

ఇక మీటలు, క్లిక్కుల సంగతి. వీటిని ఈమాక్స్ పరిభాషలో ఈవెంట్లు అంటారు. గ్నూ ఈమాక్స్‌లో అక్షరం మీట నొక్కితే వచ్చే ఈవెంటు కేవలం ఒక అంకె. మ అక్షరం 3118. ఎక్స్ అక్షరం 120, దానికి మెటా మీట తోడైతే 13,42,17,728 కలిసి 13,42,17,848 అవుతుంది. 64 బిట్లలో వస్తువు రకాన్ని తెలిపే గుర్తుకు 2 పోగా మిగిలిన 62 బిట్లలో ఈ అంకె ఇమిడిపోతుంది. కొత్త వస్తువేదీ పుట్టదు. ఖర్చు సున్నా.

మౌస్ క్లిక్కు అలా కాదు. అది ఒక జాబితాగా వస్తుంది. బయటి జాబితాలో ఈవెంటు పేరు, స్థానం: 2 కాన్స్‌లు. స్థానం అనే లోపలి జాబితాలో విండో, అక్షరం సంఖ్య, సమయం వగైరా 10 అంశాలు: 10 కాన్స్‌లు. ఆ పదిలో నాలుగు మళ్లీ జంటలే, అంటే అడ్డం నిలువు కొలతలు, వరుస నిలువు సంఖ్యలు వంటివి: ఇంకో 4. మొత్తం 16 కాన్స్‌లు, 256 బైట్లు. మరేదీ మెమరీ వాడకపోతే 3,125 క్లిక్కులకు 8 లక్షలు నిండుతాయి. అన్ని క్లిక్కులు ఎవరు చేస్తారని అడగొచ్చు. మౌస్‌ను నొక్కిపట్టి లాగుతున్నప్పుడు ప్రతి కదలికా ఇంతే ఖర్చున్న ఈవెంటు. సెకనుకు 100 వస్తే 31 సెకన్లలో పరిమితి నిండుతుంది. పైగా చివరి 300 ఈవెంట్లను ఈమాక్స్ చరిత్రగా దాచుకుంటుంది కాబట్టి పని అయిపోయినా అవి వెంటనే చెత్త కావు.

ఇదే సమస్యకు ఎక్స్‌ఈమాక్స్ మరో దారి పట్టింది. 1992లో లూసిడ్ కంపెనీ నుంచి లూసిడ్ ఈమాక్స్‌గా వచ్చి, 1994లో పేరు మార్చుకున్న శాఖ అది. అందులో ఈవెంటు అంకె కాదు, జాబితా కాదు, ప్రత్యేకమైన వస్తువు. లోపలేముందో చెప్పడానికి విడిగా ఫంక్షన్లుంటాయి. డిజైన్ పరంగా ఇది శుభ్రమైన పద్ధతి. కానీ ప్రతి మీటకూ ఒక వస్తువు పుడితే చెత్త పెరుగుతుంది. అందుకని పాత ఈవెంటు వస్తువునే మళ్లీ నింపి వాడేలా చేశారు. పని అయ్యాక డీఅలొకేట్-ఈవెంట్ అనే ఫంక్షన్‌తో ప్రోగ్రామరే దాన్ని తిరిగి అప్పగించవచ్చు.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఒక ప్రోగ్రాము చివరి ఈవెంటును ఒక వేరియబుల్‌లో దాచుకుందనుకోండి. ఇంకో చోట అదే వస్తువును అప్పగించేశారు. మరుక్షణం దానిలో కొత్త మీట నిండుతుంది. దాచుకున్నవాడు తెరిచి చూస్తే అక్కడ ఉండేది వేరే ఈవెంటు. ఇలాంటి బగ్ రోజుకోసారి కనిపిస్తుంది, వెతికితే దొరకదు. గార్బేజ్ కలెక్షన్ ఉన్న భాషలో మెమరీని చేత్తో విడిపించమనడం అంటే ఆ భాష ఇచ్చిన భరోసాను వెనక్కి తీసుకోవడమే. తర్వాత మార్కుస్ క్రెస్తానీ చేసిన పనితో ఎక్స్‌ఈమాక్స్ 21.5 శ్రేణికి విడతల వారీగా ఊడ్చే కొత్త కలెక్టర్ వచ్చింది. సరైన మందు అదే: వస్తువులను చేత్తో అప్పగించి మళ్లీ వాడుకోవడం కాదు, ఆగే సమయాన్ని ముక్కలు చేయడం.

తెలుగుకు వస్తే ఖర్చు వేరే చోట ఉంది. బఫర్‌లో (తెరిచిన ఫైలును ఈమాక్స్ ఉంచుకునే చోట) కొట్టిన పాఠ్యం లిస్ప్ వస్తువు కాదు, ముత్యంపేట అక్కడ 27 బైట్లే. దాన్ని చెరిపేస్తేనే వెనక్కి తెచ్చుకునే జాబితాలోకి స్ట్రింగ్‌గా చేరుతుంది: తల 32, ఒళ్లు 40, రెండు కాన్స్‌లు 32, కనీసం 104 బైట్లు. ఆ జాబితాకు 1,60,000 బైట్ల హద్దుంది, దాన్ని కత్తిరించేది కూడా ఊడ్పు సమయంలోనే. తెర మీద చూపడానికి మరో ఖర్చు. ఇంగ్లిష్ అక్షరానికి అక్కర్లేని కూర్పు త్యం లాంటి అక్షరానికి కావాలి. 2020లో వచ్చిన ఈమాక్స్ 27 నుంచి ఆ కూర్పును హార్ఫ్‌బజ్ లైబ్రరీ చేస్తోంది. ఫలితం మాత్రం లిస్ప్ వెక్టర్లలోనే నిలుస్తుంది: తెర మీద గీసే ఆకారం, అంటే ఒక్కో గ్లిఫ్‌కు 10 గడులు, శీర్షికతో కలిపి 88 బైట్లు. ఒకసారి కూర్చినదాన్ని దాచుకుని మళ్లీ వాడుతుంది కాబట్టి పేజీ అంతా తెలుగే ఉన్నా ప్రతిసారీ కొత్తగా పుట్టవు. తెలుగు బరువన్న మాట అన్యాయమని చెప్పడానికి ఇది చాలు.

గ్నూ ఈమాక్స్‌లో పెద్ద మార్పు 2024లో మొదలైంది. 2001 నాటి ఈమాక్స్ 21 డిస్‌ప్లే ఇంజన్ రాసిన గర్డ్ మోల్‌మన్, ఐజీసీ అనే శాఖలో పాత కలెక్టర్ స్థానంలో రేవెన్‌బ్రూక్ వారి మెమరీ పూల్ సిస్టమ్‌ను పెట్టారు. అది తరాలవారీగా, విడతలవారీగా పనిచేస్తుంది, వస్తువులను కదిలిస్తుంది కూడా. పాత పద్ధతిలో స్ట్రింగుల ఒళ్లు మాత్రమే జరిగేవి, కాన్స్‌లు పుట్టిన చోటే ఉండేవి. ఇప్పుడు అన్నీ కదలవచ్చు కాబట్టి సీ కోడ్‌లో ఎక్కడెక్కడ లిస్ప్ వస్తువు చిరునామా దాగుందో అంతా కలెక్టర్‌కు చెప్పాలి. ఒక్కటి మరిచినా కూలిపోతుంది. నలభై ఏళ్ల కోడ్‌లో ఆ వెతుకులాట ఎంత ఓపిక పనో ఊహించవచ్చు.

మీ ఈమాక్స్‌లో జీసీ-ఎలాప్స్‌డ్ విలువను జీసీస్-డన్ విలువతో భాగించండి. ఒక ఊడ్పు సగటు సమయం వస్తుంది. ఉదాహరణకు 120 ఊడ్పులకు 9.6 సెకన్లయితే సగటు 0.08 సెకను. మీట నొక్కిపట్టినప్పుడు సెకనుకు 30 ఈవెంట్లు వస్తే ఆ విరామంలో రెండు మూడు పోగవుతాయి. ఈవెంట్ల వరుసలో 4,096 గడులున్నాయి కనుక అవి పోవు, ఆలస్యంగా కనిపిస్తాయంతే. సగటు 0.1 సెకను దాటిందా, ముందు ఏ ప్యాకేజీ ఎక్కువ వస్తువులు పుట్టిస్తోందో చూడండి, థ్రెషోల్డ్ జోలికి తర్వాత వెళ్లండి. సొంతంగా బిల్డ్ చేసుకోగలిగినవారు ఐజీసీ శాఖను విత్-ఎంపీఎస్ ఎంపికతో కట్టి, ఒక పెద్ద తెలుగు ఫైలు తెరిచి, పైకీ కిందకీ జరిపి చూడండి. కూలిపోతే రిపోర్ట్-ఈమాక్స్-బగ్ ఆదేశంతో రాసి పంపండి. ఒత్తులు, గుణింతాల దారిలో దాగిన లోపాలు తెలుగు వాడేవారు చెబితేనే బయటపడతాయి.