ఏలకుల కొండ కింద మందుమొక్కల ముచ్చట్లు

తెల్లవారుజామున తమిళనాడులోని కంబం బజారులో జీపులు బారులు తీరి ఉంటాయి. పట్టేవారికన్నా ఎక్కేవారే ఎక్కువ. తలకు తువ్వాలు చుట్టి, ఒళ్లో సద్దిడబ్బా పెట్టుకుని కూలీలు కంబంమెట్టు ఘాట్ మీదుగా కేరళ వైపు ఏలకుల తోటలకు పోతారు, పొద్దు వాలేసరికి దిగొస్తారు. ఈ లోయలోని నాయుళ్ల, నాయకర్ల కుటుంబాలకు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, కొండెక్కితే మలయాళం. కాబట్టి ఒక్కో మందుమొక్కకు మూడేసి పేర్లు తెలిసినవారు ఇక్కడ మామూలే. ఆ మొక్కల్లో ఏది పరీక్షకు నిలిచింది, ఏది మధ్యలో జారిపోయింది అని వెతికితే దొరికిన విశేషాలు ఇవి.

ఏలకుల టీకీ ఉబ్బసానికీ ఎంత దూరం?

ఏలక్కాయ వాసనంతా గింజలదే, తొక్కలో నూనె దాదాపు ఉండదు. ఆవిరి పట్టి తీసిన ఏలకుల నూనెలో ముఖ్యమైనవి రెండు: సినియోల్, ఆల్ఫా టెర్పినైల్ ఎసిటేట్. ముక్కు దిబ్బడ వదిలించే నీలగిరి తైలంలోనూ ప్రధానంగా ఉండేది ఈ సినియోలే. స్టెరాయిడ్ మాత్రలు లేనిదే రోజు గడవని 32 మంది ఉబ్బసం రోగుల మీద జర్మనీ వైద్యులు చేసిన పరీక్ష 2003లో అచ్చయింది. కొందరికి 200 మి.గ్రా. సినియోల్ గుళిక, కొందరికి ఉత్తుత్తి గుళిక, రోజుకు 3 సార్లు, 12 వారాలు. సినియోల్ వాడినవారికి స్టెరాయిడ్ మోతాదు 36 శాతం తగ్గించగలిగారు. ఉత్తుత్తి గుళికవారికి తగ్గింది 7 శాతమే. బాగానే ఉంది. అయితే రెండు కాయలు దంచి వేసిన టీలో ఆ మోతాదుకు దరిదాపుల్లో కూడా సినియోల్ ఉండదు. టీ రుచికోసం తాగండి, మందు మానకండి.

కొండవాళ్ల పట్టిక

తేని జిల్లా అడవుల్లో ఉండే పళియర్లు తేనెకు పేరుపడ్డవారు. వాళ్ల వైద్యులు వాడే మొక్కలను చెన్నై లొయోలా కాలేజీకి చెందిన ఇగ్నాసిముత్తు బృందం పల్లె పల్లెకూ తిరిగి రాసుకుంది. 2008లో అచ్చయిన ఆ పట్టికలో వందకు పైగా మొక్కలున్నాయి. ఎక్కువగా వాడేది ఆకు. వేరు తవ్వితే మొక్క పోతుంది, ఆకు తుంచితే మళ్లీ చిగురిస్తుంది. అడవిని నమ్ముకున్నవారికి అది వేరే చెప్పాలా!

పెరియకుళం మునగ

మీ పెరట్లోనో పక్క పొలంలోనో పీకేఎం-1 మునగ ఉంటే దాని పుట్టిల్లు కంబం దగ్గరే. పీకేఎం అంటే పెరియకుళం. అక్కడి ఉద్యాన కళాశాల 1989లో విడుదల చేసిన ఈ ఏడాది మునగ ఆంధ్ర, తెలంగాణ పొలాల్లోనూ పాతుకుపోయింది. కాయ సంగతి అందరికీ తెలిసిందే, గింజ సంగతే తక్కువమందికి తెలుసు. గింజలనుంచి పిండిన నూనె త్వరగా ముక్కిపోదు. అందుకే ఒకప్పుడు చేతిగడియారాల సన్నని చక్రాలకు దాన్ని వాడేవారు. నూనె తీసిన పిప్పిలో ధనావేశం ఉన్న ప్రొటీన్ ఒకటి మిగులుతుంది. అది బురద రేణువులనూ సూక్ష్మజీవులనూ పట్టి ముద్దకట్టించి అడుక్కి దింపుతుంది. సూడాన్‌లో నైలు ఒడ్డు ఆడవాళ్లు ఎన్నాళ్లుగానో ఇలాగే నీళ్లు తేర్చుకునేవారు. ఒక్క మాట: తేరిన నీటిలో గింజ తాలూకు సేంద్రియ పదార్థం ఉండిపోతుంది, నిలవుంచితే సూక్ష్మజీవులు మళ్లీ పెరుగుతాయి. ఏ పూట నీళ్లు ఆ పూటే వాడుకోవాలి, తాగేముందు కాచుకోవాలి.

నేల ఉసిరి: వాల్తేరులో మొదలై మద్రాసులో మెరిసి...

ఈ కథ కాస్త పొడుగు, కానీ చెప్పదగ్గది.

పచ్చకామెర్లకు నేల ఉసిరి నూరి ఇవ్వని పల్లె మనవైపు అరుదు. కంబం వైపు బజారులో అడగాలంటే కీళానెల్లి అనాలి. దాని చేదుకు మూలమేమిటో తెలుసుకోవాలని వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి, జి.వి. కృష్ణమూర్తి పూనుకున్నారు. వాళ్లు విడదీసిన ఫిల్లాంథిన్ గురించిన పత్రం 1946లో వచ్చింది. 1964లో అదే విశ్వవిద్యాలయం నుంచి ఎల్. రామచంద్రరావు బృందం ఈ పదార్థాలు లిగ్నాన్లు అనే రసాయనాల జాతివని తేల్చింది. విశాఖ సముద్రం ఒడ్డున, ఇప్పటి యంత్రాలేవీ లేని రోజుల్లో చేసిన పని అది.

తర్వాతి ఘట్టం మద్రాసు. ఎస్.పి. త్యాగరాజన్ బృందం హెపటైటిస్ బి వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవారికి నేల ఉసిరి పొడి 200 మి.గ్రా. చొప్పున రోజుకు 3 సార్లు, 30 రోజులు ఇచ్చింది. పొడి వాడిన 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి పొడి వాడిన 23 మందిలో అలా జరిగింది ఒక్కరికే. 1988లో లాన్సెట్ పత్రిక దీన్ని అచ్చువేసింది. హెపటైటిస్ బి మీద పరిశోధనకు నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా ఆ రచయితల్లో ఒకరు. ఇంతకంటే ఏం కావాలి?

కావాల్సింది మళ్లీ అదే ఫలితం రావడం. అది రాలేదు. ఇతర దేశాల్లో జరిపిన పరీక్షల్లో ఆ గుణం కనిపించలేదు. మొక్కే మారిందా అన్న అనుమానం వచ్చింది, అందులో అర్థముంది. మన పుస్తకాల్లో ఫిల్లాంథస్ నిరూరి అని రాసుకొచ్చింది నిజానికి రెండు మూడు జాతుల కలగాపులగమని వృక్షశాస్త్రవేత్తలు 1985లో తేల్చారు. గట్టు మీద కనిపిస్తే కొమ్మ తిరగేసి చూడండి. ఆకుల వరుస కింద ఆవగింజల్లా పచ్చటి కాయలు వేలాడుతుంటాయి. కాయ మొదట్లో అంటుకున్న రేకలు అయిదుంటే అమారస్, ఆరుంటే ఫ్రాటర్నస్ కావచ్చు. మందులంగడిలో ఎండుకట్ట కొనేవారికి ఇవి లెక్కపెట్టే వీలెక్కడిది! నా మటుకు మద్రాసు పరీక్ష విఫలమైందని అనను, పూర్తికాలేదంటాను. ఇప్పుడు హెపటైటిస్ బికి నమ్మకమైన మాత్రలు, టీకా రెండూ ఉన్నాయి. వాటిని పక్కనబెట్టి పసరు తాగడం మాత్రం పొరపాటే.

బిళ్ళగన్నేరు మోసం చేసి మేలు చేసింది

దీన్ని తమిళంలో నిత్యకల్యాణి అంటారు. మధుమేహానికి మంచిదని జమైకాలో వాడేవారు. అక్కడి ఆకు కెనడాకు చేరితే రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఎలుకలకు ఇచ్చి చూశారు. చక్కెర తగ్గలేదు. తెల్లరక్తకణాలు మాత్రం పడిపోయి ఎలుకలు చచ్చాయి. తెల్లకణాలు హద్దు లేకుండా పెరిగే జబ్బే కదా లుకేమియా! అలా 1958కల్లా విన్‌బ్లాస్టిన్ చేతికొచ్చింది, దాని వెనకే పసిపిల్లల లుకేమియాకు విన్‌క్రిస్టిన్. పెరటి ఆకు నమిలితే క్యాన్సర్ తగ్గుతుందని చెప్పేవారు ఆ ఎలుకలు ఎలా చచ్చాయో కూడా చెప్పాలి.

కుష్ఠుకు నూనె

పడమటి కనుమల వాగుల ఒడ్డున పెరిగే ఓ చెట్టు గింజను తమిళ వైద్యులు నీరడిముత్తు అంటారు, చెట్టును మలయాళీలు మరోట్టి అంటారు. దీనికీ, బర్మా వైపు దొరికే చాల్‌ముగ్రాకూ దగ్గరి చుట్టరికం. కుష్ఠుకు ప్రపంచానికి తెలిసిన మందు చాలాకాలం ఈ గింజల నూనే. తాగితే వాంతి, సూదితో ఎక్కిస్తే చర్మం కింద గడ్డలు. నూనెలోని ఆమ్లాలను ఇథైల్ ఎస్టర్లుగా మార్చి, ఒంటికి పట్టే సూదిమందుగా చేసింది హవాయిలో ఆలిస్ బాల్ అనే నల్లజాతి యువతి. 1916లో 24 ఏళ్లకే చనిపోయింది. ఆ పనిని కొన్నాళ్లు వేరేవారు తమదిగా చెప్పుకున్నారు. 1940లలో సల్ఫోన్ మందులు వచ్చాక నూనె వెనక్కి తగ్గింది.

వేపనూనె చంటిపిల్లలకా? వద్దు

వేపకు ఎన్ని సుగుణాలున్నా ఇది గుర్తుంచుకోవాల్సిందే. దగ్గు, జలుబు అని మలేసియాలో చంటిపిల్లలకు వేపనూనె తాగిస్తే ఏమైందో అక్కడి వైద్యులు 1981లో లాన్సెట్‌లో రాశారు. 13 మంది పిల్లలు. వాంతులు, మగత, ఎగశ్వాస, మూర్ఛలు. పంటకు పురుగుమందుగా అది మేలైనదే కావచ్చు, పసివాడి కాలేయానికి కాదు.

పువ్వు పువ్వుకూ చేత్తో

ఒడ్డన్‌చత్రం, ధారాపురం, మూలనూరు వైపు తీగలకు ఎర్రటి మంటల్లా పూలు. మనం అగ్నిశిఖ, అడవినాభి అంటాం. తమిళనాడు రాష్ట్ర పుష్పం. కీలం పక్కకు మడిచినట్టు వంగి ఉంటుంది, పుప్పొడి తిత్తులు దూరంగా ఉంటాయి. కాబట్టి పొద్దున్నే కూలీలు ఒక్కో పువ్వు దగ్గరా ఆగి పుప్పొడిని కీలాగ్రానికి అద్దుతారు. లేకపోతే కాయ నిండదు. ఇంత శ్రమ గింజలోని కొల్చిసిన్ కోసం. గౌట్ వాతానికి అది మందు, మోతాదు కాస్త మీరితే ప్రాణాంతకం. దుంప తిని పోయినవారున్నారు.

కోయంబత్తూరులో కలిసిన రెండు దారులు

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించాడు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని పొట్టనపెట్టుకుంది, ఆయనకూ సోకితే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేదంతో కుదిర్చాడు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన బృందం స్ప్రూకు పనిచేసే ఫోలిక్ ఆమ్లాన్నీ, దానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్‌నూ తయారుచేసింది. ఈ రెండోదే ఇవాళ కీళ్లవాతానికి మొదటి మందు.

ఇప్పుడు చూడండి. ఆయుర్వేద మందులను మెథోట్రెక్సేట్‌తో పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా పరీక్షించింది కోయంబత్తూరులోనే. 43 మంది కీళ్లవాతం రోగులు, 36 వారాలు. ఫలితాలు 2011లో వచ్చాయి: ఆయుర్వేదం ఒక్కటే, మెథోట్రెక్సేట్ ఒక్కటే, రెండూ కలిపి వాడిన మూడు వర్గాలకూ మేలు దాదాపు సమానం. 43 మందితో తీర్పు చెప్పలేం. కానీ ఆయుర్వేదాన్ని ఇలా కూడా పరీక్షించొచ్చని అది చూపింది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పినాయనకు ఈ పోటీ నచ్చి ఉండేదనుకుంటాను.

కాణులకు వాటా

1987లో అగస్త్యమలై కొండలెక్కిన శాస్త్రవేత్తలు అలసిపోతుంటే దారి చూపే కాణి గిరిజన యువకులు ఏదో కాయ నములుతూ హుషారుగా నడిచారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. పుష్పాంగదన్ బృందం దాన్ని పరిశోధించి జీవని అనే మందు చేసింది. 1995లో కోయంబత్తూరు ఆర్యవైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయలకూ, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీకీ తయారీ హక్కు ఇచ్చారు. అందులో సగం కాణులకు. డబ్బు పెద్దది కాదు, అడవిశాఖతో ఆకు కోత పేచీలు వేరే. అయినా చెప్పినవాడికి వాటా ఇవ్వాలన్నది కాగితం మీదికొచ్చిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

చివరగా మిరియం

పసుపులోని కర్కుమిన్ 2 గ్రాములతో మిరియంలోని పైపెరిన్ 20 మి.గ్రా. కలిపి ఇస్తే ఒంటికి పట్టే కర్కుమిన్ 2,000 శాతం పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. పసుపు పాలలో మిరియప్పొడి చల్లేవారు ఈ మాట తరచూ చెబుతారు. చెప్పనిది ఇంకొకటుంది: పైపెరిన్ పసుపు ఒక్కదాన్నే కాదు, రక్తపోటుకు వాడే ప్రొప్రానలాల్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ వంటివాటినీ రక్తంలో పెంచుతుంది. చారులో మిరియాలకు భయపడక్కర్లేదు. పైపెరిన్ గుళికలు కొనేవారు మాత్రం తాము వాడే మాత్రల చీటీ ముందు డాక్టరుకు చూపించాలి.