ముదురు మామిడికి రంపం పెట్టే ముందు

వీడియో మొదట్లో ఎండిన మోడుల్లా రెండు తోతాపురి చెట్లు చూశారు కదా, అవి నా తప్పు. వాటి వెనక గొడుగులా విచ్చుకున్న చెట్లు ఆ తప్పు తర్వాత నేర్చుకున్న పని. రెండూ చూపించాలనే ఈసారి కెమెరా పట్టుకున్నా.

బంగారుపాళ్యం దగ్గర ఈ తోట మా అబ్బ పెట్టింది. ముప్పై ఐదేళ్లు దాటిన చెట్లు, చాలా ఏళ్లు ఎవరూ కత్తి పెట్టలేదు. నడుమంతా చీకటి, లోపల ఎండు పుల్లలు, పైన బదనిక. కాయంతా కొసల్లోనే, నిచ్చెనకు కూడా అందదు.

డిప్లొమాలో చదివింది గుర్తుండి 2022లో నాలుగు చెట్లకు పెద్ద కొమ్మలన్నీ ఒకేసారి కోయించా. లక్నోలోని ఐసీఏఆర్ ఉద్యాన సంస్థ చెప్పే పద్ధతే అది. డిసెంబర్ ప్రాంతంలో తల కోసి, వచ్చిన చిగుళ్లలో బయటికి పెరిగేవి ఎనిమిదో పదో ఉంచితే, మూడో ఏటి నుంచి కాపు. అయితే అక్కడ నీళ్లు, ఎరువు, కోతకు పూత అన్నీ కలిసే ఉంటాయి. నేను రంపం ఒక్కటే తీసుకున్నా. కోసిన చోట ఏమీ పూయలేదు. వేసవిలో మాను బెరడు ఎండకు పగిలింది, కాండం తొలిచే పురుగు దూరింది. మొదట్లో రంపపు పొట్టు రాలుతుంటే, కోసినప్పటిదేలే అనుకున్నా! రెండు చెట్లు పోయాయి.

ఇప్పుడు తల మొత్తం తీయను. కోతలు అయిపోగానే, ఆగస్టు దాటకుండా, నడిమధ్యలో నిటారుగా లేచిన ఒకటి రెండు కొమ్మలు తీస్తా, ఎండ మానుదాకా దిగేలా. మిగతాది వచ్చే ఏడు. ఆలస్యమైతే చిగురు ముదరదు, పూత రాదు. లావు కొమ్మను ముందు కింది నుంచి సగం కోసి, తర్వాత పైనుంచి కోయాలి. లేకపోతే బరువుకు బెరడు మానుదాకా చీలిపోతాది. బదనికను పైపైన లాగితే మళ్లీ మొలుస్తాది. అది పట్టిన కొమ్మనే కాస్త కిందికి కోసేయాలి. గాయానికి ఆవుపేడ, పుట్టమన్ను, ఆవు మూత్రం ముద్దగా కలిపి పూస్తా. ఎండ తగిలే మానుకు సున్నం. రంధ్రం కనిపిస్తే సైకిల్ చువ్వతో పురుగును లాగి, వేపనూనెలో ముంచిన దూది పెట్టి, బంకమన్ను కొట్టేయాలి. ఇది ఒక్కసారితో అయ్యే పని కాదన్నా, నెలకోసారి మొదళ్లు చూడాల్సిందే.

వెలుతురు పడిన నేలలో నవధాన్య విత్తనాలు చల్లాం, ఘనజీవామృతం వేశాం. ముందైతే గడ్డి కూడా మొలిచేది కాదు.

2025లో తోతాపురికి ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4, మొత్తం కిలోకు 12 రూపాయలని ప్రకటించినా, కాయ అమ్ముకోవడానికి పడిన అవస్థ మీకు చెప్పక్కర్లేదు. ఆ ఏడు మా నాయన, "కొట్టేసి కట్టెలకు అమ్మేద్దాం రా" అన్నాడు. నేను ఆయన్ని బతికిన ఆ రెండు చెట్ల దగ్గరికి తీసుకెళ్లా. మోడుల మీద వచ్చిన చిగుళ్లకు బేనీషా అంటు కట్టించి ఉన్నా. మాను తోతాపురిది, కాయ బేనీషాది. ఆయన చేత్తో ఆకు తిప్పి చూసి, "కాసిన నాడు చూద్దాం" అని వెళ్లిపోయాడు. తోట మాత్రం కొట్టించలేదు.

ఈ ఆగస్టుకు ఇంకో రెండు వరసలు మిగిలుండాయి. రంపం పదును పెట్టించాలి.