చుట్టంగా వచ్చే స్వరం

పిల్లలూ! మా గోనెగండ్ల వంటి ఊళ్ళలో భజన అంటే హార్మోనియం ఉండవలసిందే. పెద్దల నడిగి దాని ముందు కూర్చోండి. ఒక మెట్టును "స" అనుకుని, అక్కడినుంచి నల్లవీ తెల్లవీ కలిపి వరసగా లెక్కపెట్టండి. 8, 10, 11, 13 మెట్లు నొక్కుతూ పైకి పోండి. తరువాత 13, 11, 9, 8 నొక్కుతూ దిగండి. దిగేటప్పుడు పాట మెత్తబడి, కొంచెం దిగులుపడినట్టు లేదూ?

ఇది భైరవి రాగం నడక. హార్మోనియం గమకాలు పలకలేదు గాని, దారి చూపుతుంది. భైరవి పుట్టిల్లు 20వ మేళమైన నఠభైరవి. 9వ మెట్టు శుద్ధ ధైవతం. అది ఆ ఇంటిదే. 10వ మెట్టు చతుశ్రుతి ధైవతం. అది చుట్టంగా వచ్చింది. దీన్నే అన్యస్వరం అంటారు. ఈ రాగంలోనే శ్యామశాస్త్రిగారు (1762–1827) తెలుగులో గొప్ప స్వరజతి రచించారు.

ఆయన కాలంవాడే బీథోవెన్ (1770–1827). ఐరోపా సంగీతంలో కొన్ని స్వరాలను ఒక్కసారే మోగిస్తారు. ఆ గుంపు పేరు కార్డ్. 1801లో ఆయన రచించిన "మూన్‌లైట్" సొనాటా మొదట్లోనే, ఆ వరసలో లేని 2వ మెట్టును మూలంగా చేసుకుని ఒక కార్డ్ వస్తుంది. దాన్ని నియాపొలిటన్ అంటారు. అక్కడ పాట మీద ఒక్కసారి నీడ పడినట్టుంటుంది.

మరి అన్యస్వరం అపస్వరం కాదా? కాదు. చుట్టం వేళకు వచ్చి, ఇంటివారికి పాట అప్పగించి వెళుతుంది. దిగేటప్పుడు కూడా 10వ మెట్టే నొక్కి చూడండి: భైరవి మాయమవుతుంది!