సెట్టింగులకు దగ్గరదారి

ఆదివారం పొద్దున్నే అమెరికా నుంచి మనవరాలి వీడియోకాల్. బొమ్మ కనిపిస్తోంది, మాట మాత్రం వినపడదు! విశాఖ ఉక్కునగరంలోనూ గాజువాకలోనూ పిల్లలు దూరదేశాల్లో ఉన్న ఇళ్లకు ఈ అవస్థ కొత్తేమీ కాదు. సర్వీసంతా భారీ యంత్రాల మధ్య గడిపిన పెద్దాయన కూడా చిన్న సౌండ్ సెట్టింగు ఎక్కడుందో తెలియక పక్కింటి కుర్రాడి కోసం ఎదురుచూడాల్సిందే.

పోర్టులో క్రేన్ అయినా, స్టీల్‌ప్లాంటులో కంట్రోల్ రూమ్ అయినా... మాటిమాటికీ వాడే మీటలు చేతికందేంత దూరంలోనే ఉంటాయి. ఇంట్లో కంప్యూటర్‌కీ అదే సూత్రం పనికొస్తుంది. తరచూ కావాల్సిన సెట్టింగులకు డెస్క్‌టాప్ మీదే షార్ట్‌కట్లు పెట్టుకుంటే సరి.

ఎలాగంటారా? డెస్క్‌టాప్‌పై ఖాళీచోట మౌస్ కుడి బటన్ నొక్కి ‘న్యూ’, అందులో ‘షార్ట్‌కట్’ ఎంచుకోవాలి. వచ్చిన గడిలో ఎంఎస్, అడ్డగీత, సెట్టింగ్స్, కోలన్, సౌండ్... ఇవన్నీ ఇంగ్లిషు చిన్నక్షరాల్లో ఎక్కడా ఖాళీ వదలకుండా టైపు చేయాలి. ‘నెక్స్ట్’ కొట్టాక పేరు అడుగుతుంది. ‘మాట వినపడకపోతే’ అని తెలుగులోనే పెట్టుకోవచ్చు. ‘ఫినిష్’ నొక్కితే పని పూర్తి. సౌండ్‌కు బదులు డిస్‌ప్లే అని కొడితే తెర సెట్టింగులు, బ్లూటూత్ అని కొడితే ఇయర్‌ఫోన్ల సెట్టింగులు తెరుచుకుంటాయి. 2015లో వచ్చిన విండోస్ 10లోనూ, ఆ తర్వాతి విండోస్ 11లోనూ ఈ పద్ధతి పనిచేస్తుంది. ఇదేదీ గుర్తులేకపోయినా విండోస్ మీట, ‘ఐ’ కలిపి నొక్కితే సెట్టింగులన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

ఇది సౌకర్యం కోసమే కాదు, భద్రత కోసం కూడా. సాయం కోసం వెతికే పెద్దలకు ‘మేం సరిచేస్తాం, ఈ యాప్ వేసుకోండి’ అంటూ మోసగాళ్లు తగులుతుంటారు. ఆ యాప్‌తో కంప్యూటర్ వాళ్ల చేతుల్లోకి వెళ్తుంది. ఆ వెనకే బ్యాంకు ఖాతాకీ ముప్పు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

అలాగని తెర నిండా షార్ట్‌కట్లు పేర్చినా వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. నాలుగైదు చాలు. సెలవులకు ఇంటికొచ్చే పిల్లలు కంప్యూటర్‌ను తామే బాగుచేసి వెళ్లిపోకుండా, ఆ నాలుగూ అమ్మానాన్నల చేతే పెట్టించి, ఒకటికి రెండుసార్లు నొక్కించి వెళ్తే... వచ్చే ఆదివారం వాళ్లకి ఎవరి సాయమూ అక్కర్లేదు!