అంతర్వేది తీరరేఖ అధ్యయనం – పాత టేపులలోని ఉపగ్రహ సమాచారాన్ని చదివే విధానం

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది వద్ద ఒండ్రు మేట, అలల కోత తీరరేఖను నిరంతరం మారుస్తుంటాయి. ఈ మార్పు తీరు తెలియనిదే కొబ్బరి తోటల, వరి చేల రక్షణకు తగిన ప్రణాళిక సాధ్యం కాదు. ఇందుకు పాత ఉపగ్రహ చిత్రాలే ముఖ్య ఆధారం. 1988 మార్చి 17న ప్రయోగించిన ఐఆర్‌ఎస్-1ఎ వంటి ఉపగ్రహాల చిత్రాలను హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన సంస్థ ఆ రోజుల్లో ‘కంప్యూటర్ కంపాటిబుల్ టేపు’లపై అందించేది. పేరు అలా ఉన్నప్పటికీ, ఒక కంప్యూటరు రాసిన టేపును మరొకటి చదవలేకపోవడం తరచు ఎదురయ్యే సమస్య. చదవబడని టేపు చెడిపోయినదని నిర్ణయించే ముందు ఈ క్రింది అంశాలను వరుసగా పరిశీలించవలెను.

సాంద్రత: అర అంగుళపు టేపుపై తొమ్మిది ట్రాకులుంటాయి. వీటిలో ఎనిమిది సమాచారానికి, ఒకటి పారిటీకి. అంగుళానికి 800, 1600, 6250 బైట్ల సాంద్రతలు వాడుకలో ఉండేవి. డ్రైవు ఆ సాంద్రతకు తగినదై ఉండవలెను.

బ్లాకు పరిమాణం: ప్రోగ్రాములో ఇచ్చిన పరిమాణం అసలు బ్లాకు కంటే చిన్నదైతే సమాచారం తెగిపోతుంది, లేదా చదవడం ఆగిపోతుంది. పరిమాణం తెలియనప్పుడు పెద్ద సంఖ్య ఇచ్చి, వచ్చిన బైట్లను లెక్కించవలెను.

అక్షర సంకేతం: ఆంగ్లంలోని మొదటి పెద్ద అక్షరం ఆస్కీలో 65, ఐబిఎం మెయిన్‌ఫ్రేముల ఎబ్సిడిక్‌లో 193. శీర్షిక భాగాన్ని మాత్రమే ఆస్కీలోకి మార్చవలెను. టేపునంతటినీ మార్చితే చిత్రంలోని కాంతి విలువలు కూడా మారి, నీరు, నేల వేరుపడవు.

బైట్ల వరుస: ఐబిఎం మెయిన్‌ఫ్రేము రెండు బైట్ల సంఖ్యలో పెద్ద విలువ గల బైటును ముందు ఉంచుతుంది, వ్యాక్స్ చిన్నదానిని ముందు ఉంచుతుంది. అందువల్ల ఒకదానిలో 258గా రాసినది రెండవదానిలో 513గా కనిపిస్తుంది.

చిత్ర అమరిక: బ్యాండ్లు విడివిడిగా ఉన్నాయో, గీతకొకటిగా కలిసి ఉన్నాయో చూడవలెను. నది వంపులు పటంతో సరిపోలినప్పుడే అమరిక సరైనదని భావించవలెను.

జాగ్రత్తలు: చదవడానికి ముందు రీలు వెనుక ఉన్న రాత వలయాన్ని తీసివేయవలెను, వలయం లేనిదే డ్రైవు టేపుపై రాయదు. ఏ మార్పూ చేయని నకలును మొదట భద్రపరచవలెను. ఐఆర్‌ఎస్-1ఎ లిస్-1 చిత్రంలో ఒక చుక్క 72.5 మీటర్ల నేలకు సమానం. కనుక అంతకంటే తక్కువ కోతను ఆ చిత్రం ఆధారంగా నిర్ధారించరాదు. టేపుతో పాటు సాంద్రత, బ్లాకు, సంకేతం, అమరికల వివరాలను కూడా రాసి ఉంచినట్లయితే, తరువాతి పరిశోధకునికి అంతర్వేది తీరపు పాత ఆనవాళ్లు దక్కుతాయి.